ఒకే తూకపు రాయి

ఫ్యానీ లూ హేమర్ జీవిత చరిత్ర (1917–1977)

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 25:13–16, నిర్గమకాండము 1:15–21, యాకోబు 2:14–17



ధర్మశాస్త్రములో తూకపు రాళ్లను గూర్చిన ఆజ్ఞ యొకటి కలదు. హెచ్చు రాయి యొకటి, తగ్గు రాయి యొకటి సంచిలో పెట్టుకొని తిరుగరాదని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. ఇది అంగడివానికి మాత్రమే చెప్పిన మాట యని మనము అనుకొందుము. గాని మనుష్యుల ప్రాణములను తూచునప్పుడును ఈ ఆజ్ఞ మనమీద నున్నది. ఈ నెల మనము తలంచుకొను సహోదరి తన జీవితమంతయు ఒకే రాయితో తూచిన స్త్రీ.

అమెరికా దేశములో నాలుగేండ్లకొకసారి అధ్యక్షుని ఎన్నుకొందురు. అక్కడ పెద్ద పార్టీలు రెండు: ఒకటి డెమోక్రాటిక్ పార్టీ, రెండవది రిపబ్లికన్ పార్టీ. గర్భము తీయించుకొనుటను చట్టము ఒప్పవలెనా, ఆపవలెనా అను వివాదము నలువది యేండ్లకు పైగా ఆ ఎన్నికలను కుదిపివేయుచున్నది. ఒక పార్టీ పుట్టని బిడ్డ పక్షమున మాటలాడును. వేరొక పార్టీ తల్లి హక్కును గూర్చియు, బీదల అన్నమును వైద్యమును గూర్చియు మాటలాడును. ఒకరిని ప్రేమించినయెడల రెండవవారిని విడువవలె నన్నట్లు ఓటరును నిలువదీయుదురు. ఒకే బల్లయొద్ద ప్రభువు రొట్టె తినువారు ఎన్నికల కాలము వచ్చునప్పటికి ఒకరి ముఖ మొకరు చూడకుందురు. విశ్వాసులలో అనేకులు ఈ పోరునుబట్టి విసిగియున్నారు. మన ప్రాంతములనుండి వెళ్లి అక్కడ పౌరులైన తెలుగు క్రైస్తవ కుటుంబములకును ఈ చిక్కు తప్పలేదు.

ఈ పోరు ఇంతగా ముదరకమునుపే, ఆ దేశపు పత్తి చేలలో ఒక కూలి స్త్రీ యుండెను. ఏ పార్టీయు ఆమెను పూర్తిగా తన సంచిలో వేసికొనలేకపోయెను. ఆమె చరిత్ర వినుడి.

పత్తి చేలలో బాల్యము

ఫ్యానీ లూ 1917 అక్టోబరు 6వ తేదీన మిసిసిపీ రాష్ట్రములో ఒక బీద నల్లజాతి కుటుంబములో పుట్టెను. తల్లిదండ్రులకు ఆమె ఇరువదవ సంతానము, అందరిలో చిన్నది. ఆమె అవ్వ బానిసగా బ్రదికినది. బానిసత్వము 1865లో చట్టమువలన కొట్టివేయబడెను గాని నల్లజాతివారి మెడమీది కాడి తొలగలేదు. కామందు పొలమును పాలుకు చేయవలెను. విత్తనములకును తిండి గింజలకును ఆయనయొద్దనే అప్పు చేయవలెను. పంట వచ్చినప్పుడు సగము ఆయన భాగము. మిగిలిన సగములోనుండి అప్పు తీర్చవలెను. ఏడాది చివర చేతిలో ఏమియు మిగులదు. ఈ లెక్క మన పల్లెలవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఫ్యానీకి ఆరేండ్లప్పుడు కామందు ఆమెను చూచి, వారములో 30 పౌండ్ల పత్తి ఏరినయెడల తన అంగడిలోని తినుబండారములు ఇచ్చెదనని ఆశపెట్టెను. పిల్ల ఆశపడి ఏరెను. మరుసటి వారము 60 పౌండ్లు ఏరుమనిరి. ఆ చేలలోనుండి ఆమె మరల బయటపడుటకు ముప్పది యెనిమిదేండ్లు పట్టెను. పదమూడేండ్ల వయస్సునకే ఆమె దినమునకు 200 పౌండ్లకు పైగా, అనగా 90 కిలోలకు మించి ఏరెడిది. పోలియో జబ్బు వలన కాలు కుంటుచునే ఈ పని చేసెను. పత్తి పని లేని నాలుగు నెలలే నల్లపిల్లలకు బడి. అదియు పండ్రెండేండ్లకే ముగిసెను. చదువు మీద ఆశ మాత్రము ఆమెను విడువలేదు. బైబిలు చదువుటయు, గుడిలో కీర్తనలు పాడుటయు ఆమెకు ప్రాణము.

ఒకప్పుడు ఆమె తండ్రి కష్టించి కంచర గాడిదలను సేద్యపు సామగ్రిని కొని, కొంచెము నిలద్రొక్కుకొనెను. ఓర్వలేని తెల్లవా డొకడు వాటి మేతలో విషము కలిపి చంపెను. ఆ కుటుంబము మరల లేవలేదు.

1940ల నడుమ ఆమె పెర్రీ హేమర్ అను ట్రాక్టరు నడుపువానిని పెండ్లాడెను. వారు రూల్‌విల్ అను ఊరియొద్ద ఒక కామందు పొలములో పదునెనిమిదేండ్లు పని చేసిరి. హేమరమ్మకు చదువు వచ్చును గనుక కూలీల పనిని, ఏరిన పత్తి తూకమును వ్రాయు పని ఆమెకు అప్పగించిరి. కామందు తూకములో మోస ముండెను. ఆయన కన్ను మరలినప్పుడు ఆమె తాను దాచుకొన్న సరియైన గుండును కాటాకు తగిలించి, కూలివారికి న్యాయమైన తూకము వేసెడిది. ఆమె ముందు ముందు చేయబోవు పని యంతయు ఈ చిన్న పనిలోనే కనబడుచున్నది.

ఆస్పత్రిలో జరిగిన అన్యాయము

హేమర్ దంపతులకు బిడ్డలు కలుగలేదు. వారు ఇద్దరు ఆడుబిడ్డలను తెచ్చి పెంచుకొనిరి. 1961లో కడుపులోని కణితి తీయించుకొనుటకు ఆమె ఆస్పత్రిలో చేరెను. వైద్యుడు ఆమెను అడుగకయే, చెప్పకయే గర్భసంచిని తీసివేసెను. తరువాత ఊరివారి మాటలవలన ఆమెకు ఆ సంగతి తెలిసెను. ఆ రాష్ట్రములో బీద నల్లజాతి స్త్రీలకు ఇట్లు చేయుట అరుదు కాదు. వీరికి బిడ్డలు ఎక్కువైరని పెద్దలు కొందరు తలంచిరి. అందుకు కత్తి చాలుననుకొనిరి.

ప్రియులారా, ఈ సంగతి మనస్సున ఉంచుకొనుడి. ఫరో హెబ్రీయులు విస్తరించుచున్నారని భయపడి వారి మగపిల్లలను చంపుమని మంత్రసానులకు ఆజ్ఞాపించెను. షిఫ్రాయు పూయాయు దేవునికి భయపడి రాజు మాట త్రోసివేసిరి. గర్భమును గూర్చి హేమరమ్మ తరువాత పలికిన ప్రతి మాట వెనుక, తన దేహముమీద జరిగిన ఈ అన్యాయము ఉండెను.

ఓటు కొరకు పోరాటము

1962 ఆగస్టులో రూల్‌విల్ లోని చిన్న బాప్టిస్టు గుడిలో ఒక కూటము జరిగెను. నల్లజాతివారికిని ఓటు హక్కు కలదని వచ్చినవారు బోధించిరి. నలువది నాలుగేండ్ల వయస్సు వరకు ఈ మాట ఆమె వినలేదు. ఓటు వ్రాయించుకొనుటకు ఎవరు వత్తురని అడుగగా ఆమె చెయ్యెత్తెను.

ఆగస్టు 31వ తేదీన 18 మంది బస్సులో ఇండియనోలా పట్టణమునకు వెళ్లిరి. రాష్ట్ర రాజ్యాంగములోని ఒక కఠినమైన భాగమును ఆమె ముందర పెట్టి, దానికి అర్థము వ్రాయుమని గుమాస్తా అడిగెను. పత్తి ఏరు స్త్రీకి అది ఎట్లు తెలియును? ఆమె తప్పినదని త్రిప్పి పంపిరి. తిరుగు దారిలో బస్సు రంగు బడి బస్సు రంగువలె నున్నదను వంకతో పోలీసులు ఆపి జరిమానా వేసిరి. అందరును భయముతో కృశించియుండగా ఆమె కీర్తన లెత్తి పాడి వారిని ధైర్యపరచెను.

ఆ రాత్రియే కామందు వచ్చి, ఓటు దరఖాస్తు వెనుకకు తీసికొనుమనెను. తాను ఆయన కొరకు కాదు, తన కొరకు వ్రాయించుకొనబోతినని ఆమె నెమ్మదిగా జవాబు చెప్పెను. పదునెనిమిదేండ్ల కొలువు ఆ రాత్రితో పోయెను. కొద్ది దినములకే ఆమె తలదాచుకొన్న ఇంటిమీద తుపాకులు కాల్చిరి. అయినను ఆమె విసుగక ఆ గుమాస్తా యొద్దకు మరల వెళ్లెను. లూకా 18వ అధ్యాయములోని విధవరాలివలె వెళ్లి వెళ్లి, 1963 జనవరిలో ఆ పరీక్షలో నెగ్గెను.

ఆ సంవత్సరము జూను 9వ తేదీన ఆమెయు తోటివారును శిక్షణ ముగించుకొని వచ్చుచుండగా వినోనా అను ఊరిలో పోలీసులు పట్టి చెరలో వేసిరి. చెరలోనున్న ఇద్దరు నల్లజాతి ఖైదీలను బెదిరించి, వారి చేతనే ఆమెను లాఠీతో కొట్టించిరి. ఆ దెబ్బలవలన ఆమె మూత్రపిండము చెడెను, ఒక కంటి చూపు తగ్గెను, కుంటు హెచ్చెను. కొట్టించినవారిని న్యాయస్థానములో తెల్లవారే యున్న జూరీ నిర్దోషులని విడిచిపెట్టెను. ఆమె వారిని ద్వేషించుటకు ఒప్పుకొనలేదు. ద్వేషించువాడు దేవుని ముఖమును ఎట్లు చూచునని ఆమె అడిగెడిది.

పార్టీ గుమ్మమునొద్ద

ఆ కాలమున మిసిసిపీలో డెమోక్రాటిక్ పార్టీ తెల్లవారి చేతిలో నుండెను. నల్లజాతివారిని దరిచేరనీయలేదు. అందుచేత 1964లో హేమరమ్మయు ఆమె స్నేహితులును అందరికి తెరచియున్న మిసిసిపీ ఫ్రీడమ్ డెమోక్రాటిక్ పార్టీని స్థాపించి, అట్లాంటిక్ సిటీలో జరిగిన జాతీయ మహాసభకు తమ ప్రతినిధులను తీసికొని వెళ్లిరి. ఆగస్టు 22వ తేదీన ఆమె సభాసంఘము ఎదుట కూర్చుండి, చెరలో తనకు జరిగినది చెప్పెను. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భయపడెను. దక్షిణ రాష్ట్రముల తెల్లవారి ఓట్లు పోవునని ఆయన చింత. ఆమె మాటలాడుచుండగానే ఆయన పత్రికలవారిని పిలిపించి టెలివిజనును తనవైపు త్రిప్పుకొనెను. అయినను ఆ రాత్రి ఆమె సాక్ష్యమును దేశమంతయు చూచెను.

అప్పుడు పార్టీ పెద్దలు బేరమునకు వచ్చిరి. అరువదిమందికి పైగా వచ్చిన వారికి రెండే స్థానము లిత్తుమనిరి. ఆ యిద్దరు ఎవరో కూడ తామే నిర్ణయింతుమనిరి. ఉపాధ్యక్ష పదవికి నిలువబోవు హ్యూబర్ట్ హంఫ్రీ వారిని ఒప్పించుటకు వచ్చెను. ఆయన మంచివాడు, నల్లజాతివారి హక్కుల కొరకు పాటుపడినవాడు. గాని పదవి చేజారునని ఆయనకు జంకు. పదవి పోయినను న్యాయము చేయువానిని దేవుడు విడువడని హేమరమ్మ ఆయనకు చెప్పి, ఆయన కొరకు ప్రార్థించెద ననెను. పేరుగల నాయకులు కొందరు ఉన్నది పుచ్చుకొనుమని సలహా యిచ్చిరి. రెండు కుర్చీల కొరకు తాము అంత దూరము రాలేదని చెప్పి ఆమెయు ఆమెతోటివారును ఆ బేరమును త్రోసివేసిరి.

1965లో ఓటు హక్కుల చట్టము వచ్చెను. 1968లో చికాగో మహాసభలో ఆమె ప్రతినిధిగా కూర్చుండగా సభవారు లేచి నిలిచి ఆమెను గౌరవించిరి. తలుపు తెరచుకొనెను. సామాన్యులైతే అక్కడితో తృప్తిపడి, పార్టీ యేది చెప్పిన దానికి తల యూపుచు కాలము గడుపుదురు. ఆమె అట్లు చేయలేదు. వియత్నాము యుద్ధమును తప్పనెను. 1971లో రాష్ట్ర సెనేటుకు స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి ఓడిపోయెను. పార్టీని ఆమె పనిముట్టుగా వాడుకొనెను గాని పార్టీకి తాను పనిముట్టు కాలేదు.

గర్భములోని బిడ్డ, ఒడిలోని బిడ్డ

ఇక్కడనే ఆమె తూకపు రాయి బాగుగా కనబడును. 1969లో ఆకలిని గూర్చి వాషింగ్టనులో గొప్ప సభ జరిగెను. పెండ్లికాని బీద తల్లుల గర్భము తీయించవలెనను ఆలోచన అక్కడ వచ్చినప్పుడు హేమరమ్మ గట్టిగా ఎదురాడెను. ఆకలికి మందు అన్నము పెట్టుటయే గాని ఆకలిగొనువారిని పుట్టకుండ చేయుట కాదని ఆమె భావము. గర్భములోని బిడ్డ ప్రాణము తీయుట హత్యయే యని ఆమె బహిరంగముగా చెప్పెను. బీద నల్లజాతివారిమీద దానిని రుద్దుట తన జాతిని తుడిచివేయుటయే యని తలంచెను. 1971లో స్త్రీలను రాజకీయములలోనికి తెచ్చుటకు ఏర్పడిన జాతీయ సంఘమునకు ఆమెయు ఒక స్థాపకురాలు. ఆ సంఘములోని ఆమె స్నేహితురాండ్రలో ఎక్కువమంది గర్భము తీయించుకొను హక్కును కోరినవారు. వారితో కలిసి పని చేసెను. ఈ విషయమున మాత్రము వారితో ఏకీభవింపలేదు.

అయితే ఆమె అక్కడ ఆగినయెడల ఆమె చేతిలోను ఒక తగ్గు రాయి యుండెడిదే. ఆమె ఊరికి దగ్గరనున్న డ్రూ పట్టణములో, పెండ్లికాకుండ తల్లియైన స్త్రీకి బడిలో ఉద్యోగ మియ్యరాదని అధికారులు నియమము పెట్టిరి. ఆ స్త్రీలు న్యాయస్థానమునకు వెళ్లగా, హేమరమ్మ వారి పక్షమున సాక్ష్యము చెప్పెను. పాపము పాపము కాదని ఆమె అనలేదు. గాని బిడ్డను చంపుకొనక కనిన తల్లికి కూలి లేకుండ చేసి, ఆ బిడ్డకు పాలు లేకుండ చేయుట ఏ నీతి? 1973లో ఆ నియమము చెల్లదని తీర్పు వచ్చెను.

ఆమె ఇంటిలోనే ఈ దుఃఖము జరిగెను. 1967లో ఆమె పెంచిన పెద్ద కుమార్తె జబ్బుపడగా దగ్గరలోని ఆస్పత్రి చేర్చుకొనలేదు. తల్లి చేయు పనియే అందుకు కారణము. దూరమందున్న మెంఫిస్ పట్టణమునకు తీసికొనిపోవలసివచ్చెను. ఆ బిడ్డ బ్రదుకలేదు. ఆమె విడిచిన పసిపిల్లలు ఇద్దరిని హేమర్ దంపతులు తమ బిడ్డలుగా పెంచిరి.

పందుల బ్యాంకు, సహకార పొలము

ఓటు వచ్చెను గాని కడుపు నిండలేదు. పత్తి ఏరు యంత్రములు వచ్చి వేలకొలది కూలీలకు పని పోయెను. 1969లో హేమరమ్మ దాతల సహాయముతో 40 ఎకరములు కొని సహకార పొలమును ప్రారంభించెను. తరువాత అది 600 ఎకరములకు పైగా పెరిగెను. బెండకాయలు, చిక్కుళ్లు, ఆకుకూరలు, చిలగడ దుంపలు పండించి బీద కుటుంబములకు పంచిరి. తెల్లవారిలోని బీదలకును తలుపు మూయలేదు. పందుల బ్యాంకు అని యొకటి పెట్టెను. కుటుంబమునకు ఒక ఆడ పందిని ఇత్తురు. అది ఈనిన తరువాత పిల్లలలో కొన్నిటిని బ్యాంకునకు తిరిగి ఇయ్యవలెను. అవి వేరొక కుటుంబమునకు పోవును. ఇండ్లు లేనివారికి ఇండ్లు కట్టుకొను సహాయమును దొరకెను.

వరదలు, అనావృష్టి, అప్పులు కలిసి 1970ల నడుమ ఆ పొలమును మూయించెను. ఆమె దేహమును అప్పటికే చితికియుండెను. 1977 మార్చి 14వ తేదీన మౌండ్ బాయూ ఆస్పత్రిలో ఆమె ప్రభువునందు నిద్రించెను. వయస్సు యేబది తొమ్మిది. చేతిలో డబ్బు లేదు. ఐక్యరాజ్య సమితిలో అమెరికా రాయబారియైన ఆండ్రూ యంగ్ వచ్చి సమాధి కూటమున ప్రసంగించెను. తాను కొనిన ఆ పొలపు మట్టిలోనే ఆమెను ఉంచిరి.

ఆమె తరువాత

1973 జనవరి 22వ తేదీన అమెరికా సుప్రీం కోర్టు గర్భము తీయించుకొనుట స్త్రీ హక్కని తీర్పు చెప్పియుండెను. ఆ దినములలో రెండు పార్టీలలోను రెండు అభిప్రాయములవారు ఉండిరి. 1976 ఎన్నికలనుండి ఇది పార్టీల ప్రణాళికల కెక్కెను. 1980 తరువాత రెండు పార్టీలును ఎదురెదురుగా నిలిచెను. 2022 జూన్ 24వ తేదీన ఆ తీర్పును అదే కోర్టు కొట్టివేసి, విషయమును రాష్ట్రములకు విడిచెను. ఆ వ్యాజ్యము హేమరమ్మ పుట్టిన మిసిసిపీనుండియే వచ్చినది. ఆ తరువాత అక్కడ గర్భము తీయించుట దాదాపు పూర్తిగా నిషేధమాయెను. 2023లో ప్రసవమైన బీద తల్లికి వైద్య సహాయమును 12 నెలలకు పొడిగించిరి, అది మేలు. అయినను 2024లో ఆ రాష్ట్రమున ప్రతి వెయ్యి జననములకు 9.7 చొప్పున శిశువులు ఏడాది నిండకమునుపే మరణించిరి. 2025 ఆగస్టులో రాష్ట్ర ఆరోగ్యాధికారులు దీనిని అత్యవసర పరిస్థితి యని ప్రకటించిరి. 2025 జనవరిలో హేమరమ్మకు మరణానంతరము ఆ దేశపు గొప్ప బిరుదైన అధ్యక్షుని స్వాతంత్ర్య పతకము ఇచ్చిరి. పతకము గోడకు తగిలించుట సులభము. ఆమె తూకపు రాయిని చేతపట్టుటయే కష్టము.

మనము నేర్చుకొనవలసినవి

మొదటిది, ఆమె విసిగినను కాడి విడువలేదు. విసుగు పాపము కాదు, ఏలీయాయు విసిగెను. రాజకీయములు మురికియని ఓటు మానుకొనువాడు, ఓటు కొరకు దెబ్బలు తినినవారి కష్టమును తేలికగా ఎంచుచున్నాడు.

రెండవది, పార్టీ దేవుడు కాదు. యెరికో యెదుట యెహోషువ కత్తి దూసిన పురుషుని చూచి, మా పక్షమువాడవా శత్రువుల పక్షమువాడవా యని అడిగెను. తాను యెహోవా సేనకు అధిపతినని వచ్చిన జవాబు విని అతడు సాగిలపడెను. దేవుడు మన పక్షమున నున్నాడా యని కాదు, మనము ఆయన పక్షమున నున్నామా యని అడుగవలెను.

మూడవది, ప్రాణమును తూచు రాయి ఒకటే కావలెను. పుట్టని బిడ్డ కొరకు కన్నీరు కార్చి, పుట్టిన బిడ్డ ఆకలికి చెవి మూసికొనువానిది తగ్గు రాయి. బీద తల్లి కొరకు కేకలువేసి, ఆమె గర్భములోని బిడ్డను లెక్కలోనికి తీసికొననివానిదియు తగ్గు రాయియే. చలి కాచుకొనుము, తృప్తిపొందుమని వట్టిమాట చెప్పి పంపు విశ్వాసమును యాకోబు మృతమైనదని గద్దించెను. మన సంఘములో పెండ్లికాకుండ గర్భవతియైన ఆడపిల్ల యున్నయెడల, ఆమెను వెలివేసి, ఆ తరువాత బిడ్డను బ్రదికించుకొనుమని చెప్పుటకు మనకు నోరెట్లు వచ్చును? ముందు ఆమెకు ఇల్లు చూపుదము. ఆమె బిడ్డకు పాలు పోయుదము.

ప్రార్థన: ప్రభువా, మా సంచిలోని రెండు రాళ్లను పారవేయుటకు మాకు కృప నిమ్ము. గర్భములోని బిడ్డను, ఆమె తల్లిని, ఎదురు పార్టీలోని సహోదరుని నీవు తూచు రాయితోనే తూచునట్లు మాకు నేర్పుము. ఆమేన్.